గేరు లేని బండి లైసెన్సుతో విదేశంలో మోటారు సైకిల్ నడపవచ్చునా?

ప్రశ్న: పానగల్లు ప్రయాణికురాలు, నల్లగొండ

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల తరువాత నేను, మావారు, మా ఆడపడుచు, మా పిన్ని కొడుకు, నలుగురం వియత్నాం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో థాయ్‌లాండ్‌లో కొన్ని రోజులు ఉండి రావాలని అనుకుంటున్నాము. ఉత్తర వియత్నాంలో చైనా సరిహద్దుకు దగ్గరగా ఉన్న హా జియాంగ్ కొండల్లో, అద్దె మోటారు సైకిళ్ళ మీద మూడు నాలుగు రోజుల పాటు చుట్టి వచ్చే దారి ఒకటి ఉంది. దాని ఫొటోలు చూసినప్పటి నుంచి, ఎవరి వెనకా కూర్చోకుండా నా బండి నేనే నడుపుకుంటూ ఆ దారి చూడాలన్న కోరిక నాకు బలంగా ఉంది.

నా సందేహమంతా లైసెన్సు గురించే. డిగ్రీ చదివే రోజుల్లో స్కూటీ నేర్చుకొని లైసెన్సు తీసుకున్నాను, ఉద్యోగం వచ్చాక అదే కార్డులో కారు కూడా చేర్పించుకున్నాను. కార్డు వెనక్కి తిప్పి చూస్తే ఎం.సి.డబ్ల్యు.ఓ.జి., ఎల్.ఎం.వి. అని రెండే కనిపిస్తున్నాయి; అంటే గేరు లేని మోటారు సైకిల్, కారు. మా నాన్నగారి స్ప్లెండర్ మీద పొలం దాకా, అప్పుడప్పుడు నకిరేకల్ దాకా వెళ్ళి వచ్చే అలవాటు ఉన్నందున గేరు బండి నడపడం నాకు కొత్త కాదు, కానీ ఆ సంగతి కార్డు మీద లేదు. హా జియాంగ్‌లో అద్దెకిచ్చే బండ్లలో చాలా భాగం, చేతి క్లచ్ లేకుండా కాలితో గేరు మార్చే సెమీ ఆటోమేటిక్ బండ్లని చదివాను. క్లచ్ లేని బండి గేరు లేని బండి కిందకు వస్తుందా అన్నది నా మొదటి ప్రశ్న.

మావారికి గేరు బండి లైసెన్సు ఉంది. మా పిన్ని కొడుకు ఇంగ్లాండులో చదువుకుంటున్నాడు, అక్కడి నుంచే నేరుగా హనోయ్ వస్తాడు. వాడు ఇక్కడ లైసెన్సు తీసుకోకుండానే వెళ్ళాడు. అక్కడ నేర్చుకొనేవారికి ఇచ్చే ప్రొవిజనల్ లైసెన్సుతో, సి.బి.టి. అనే శిక్షణ పత్రంతో 125 సీసీ బండి నడుపుతున్నాడు. ఆ కాగితాలు వియత్నాంలో పనికివస్తాయా? మేము సంప్రదించిన అద్దె దుకాణం వారు, "లైసెన్సు అడగము, పాస్‌పోర్టు మా దగ్గర పెడితే చాలు" అని జవాబిచ్చారు. ఆ జవాబు విన్నాక ధైర్యం రావలసింది పోయి నాకు భయం ఎక్కువైంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పాలమూరు వకీలు, మహబూబ్‌నగర్

ప్రయాణికురాలు గారికి నమస్కారం. బండి బుక్ చేయకముందే మీరు ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మోటారు ప్రమాదాల కేసులు చూసే నా దగ్గరకు ఇలాంటి సంగతి మీద వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఆసుపత్రి బిల్లు చేతిలో పట్టుకున్న తరువాతనే వస్తారు.

మొదట మన కార్డు సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్, గేరు లేని మోటారు సైకిల్‌ను ఒక తరగతిగా, గేరున్న మోటారు సైకిల్‌ను మరొక తరగతిగా విడదీసి చెబుతుంది. పదహారేళ్ళ వారికిచ్చే లైసెన్సుకు 50 సీసీ హద్దు ఉంది గానీ, పద్దెనిమిది నిండినవారి గేరు లేని తరగతికి ఇంజను పరిమాణంతో పని లేదు. కాబట్టి మీ కార్డుతో 110 సీసీ స్కూటర్ అయినా, 160 సీసీ స్కూటర్ అయినా మీరు నడపవచ్చు. సెమీ ఆటోమేటిక్ సంగతి వేరు. చేతికి క్లచ్ లేకపోయినా, ఏ గేరులో వెళ్ళాలో నిర్ణయించి కాలితో మార్చేది నడిపేవారే కనుక దాన్ని గేరున్న బండిగానే చూడాలని నా అభిప్రాయం. బీమా కంపెనీ తరఫున వాదించే వకీలు కూడా అదే అంటాడు, అతని వాదన నిలబడుతుంది కూడా.

ఇక విదేశం మాట. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐ.డి.పి., ప్రపంచమంతటా చెల్లుతుందన్న నమ్మకం మనవాళ్ళలో గట్టిగా ఉంది. అది నిజం కాదు. రోడ్డు రవాణాకు సంబంధించి రెండు పెద్ద అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి. ఒకటి 1949లో జెనీవాలో, రెండవది 1968లో వియన్నాలో కుదిరింది. భారతదేశం 1962లో జెనీవా ఒప్పందంలో చేరింది, మన పర్మిట్ దాని ప్రకారమే ఇస్తారు, ఏడాదికి మించి చెల్లదు. రోడ్డు రవాణాపై కుదిరిన వియన్నా ఒప్పందంలో మనం లేము. వియత్నాం సరిగ్గా దీనికి ఎదురు: 2014లో వియన్నా ఒప్పందంలో చేరింది, జెనీవా ఒప్పందంలో లేదు. రెండు దేశాలను కలిపే కాగితం లేదు కనుక మన ఐ.డి.పి. అక్కడ చెల్లదు. అంటే గేరు ఉన్నదా లేదా అన్న ప్రశ్న వియత్నాంలో పుట్టనే పుట్టదు. మీవారి లైసెన్సు కూడా మీ లైసెన్సు లాగే అక్కడ పనికిరాదు. చాలామంది ఈ ఒక్క సంగతి తెలియక, పర్మిట్ చేతిలో ఉందన్న ధీమాతో వెళ్తున్నారు.

లైసెన్సు లేకుండా అక్కడ చట్టబద్ధంగా నడపగలిగినవి 50 సీసీకి మించని బండ్లు, నాలుగు కిలోవాట్లకు మించని ఎలక్ట్రిక్ బండ్లు మాత్రమే. హోయ్ ఆన్ వంటి చదునైన ఊళ్ళో వీధులు తిరగడానికి అవి హాయిగా సరిపోతాయి. సామాను కట్టుకొని హా జియాంగ్ కొండలెక్కడానికి మాత్రం సరిపోవు. అక్కడ స్థానికులే బండి నడుపుతూ మనల్ని వెనక కూర్చోబెట్టుకొని తిప్పే ఏర్పాటు ఉంది, దాన్ని ఈజీ రైడర్ అంటారు. మీ కోరిక అది కాదని తెలుసు, అయినా మీ ముగ్గురికీ నేను చెప్పగలిగిన దారి అదే.

థాయ్‌లాండ్‌లో పరిస్థితి మీకు అనుకూలం. ఆ దేశం జెనీవా ఒప్పందంలో ఉంది, తరువాత వియన్నా ఒప్పందాన్నీ ఆమోదించింది. కనుక మన ఐ.డి.పి. అక్కడ చెల్లుతుంది. అయితే పర్మిట్ చేతికి రాగానే ఒక పని చేయండి. ఫొటో ఉన్న పుటలో ఏ, బి, సి, డి, ఇ అని ఐదు తరగతులకు గడులుంటాయి. ఏ అంటే మోటారు సైకిళ్ళు, బి అంటే కార్లు. ఏ గడిలో ముద్ర పడిందో లేదో కౌంటరు దగ్గరే నిలబడి చూసుకోండి, పడకపోతే అక్కడే అడగండి. ఆ గడిలో గేరు మాట ఎక్కడా ఉండదు, కాబట్టి చూసేవారికి మీకు అన్ని మోటారు సైకిళ్ళకూ అనుమతి ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఐ.డి.పి. మన అసలు లైసెన్సుకు తోడుగా వచ్చే కాగితమే, దాని కంటే పెద్దది కాదు. అసలు కార్డులో లేని తరగతిని ఐ.డి.పి. కొత్తగా పుట్టించదు. ఇప్పుడున్న కార్డుతో మీరు థాయ్‌లాండ్‌లో ఆటోమేటిక్ స్కూటర్ వరకు నిశ్చింతగా నడపవచ్చు, అక్కడ అద్దెకు దొరికేవి కూడా ఎక్కువగా అవే. మనలాగే అక్కడ ఎడమ వైపు ప్రయాణం. వియత్నాంలో కుడి వైపు.

పోలీసుల చలానా గురించి అందరూ అడుగుతారు. నా దృష్టిలో అది చిన్న ఖర్చు. పెద్దది బీమా. చాలా ట్రావెల్ పాలసీలలో, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా వాహనం నడుపుతుండగా తగిలిన గాయాలకు పరిహారం ఉండదన్న షరతు ఉంటుంది. కొన్నింటిలో ఇన్ని సీసీలు దాటిన మోటారు సైకిల్ అయితే లైసెన్సు ఉన్నా ఇవ్వము అని కూడా ఉంటుంది. పాలసీ కొనే ముందు ఆ మినహాయింపుల పుట చదవండి, అర్థం కాకపోతే కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడ ఇంకొక తేడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో నడిపేవారి లైసెన్సు సరిగా లేకపోయినా, దెబ్బ తగిలిన ఎదుటివారికి ముందు బీమా కంపెనీ చెల్లించి, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు ఆదేశించే పద్ధతి ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు దానికి ఆధారం. ఆ రక్షణకు అలవాటుపడి విదేశంలోనూ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకోవడం ప్రమాదం. అక్కడి వృద్ధుడెవరైనా మీ బండి కింద పడితే, మన సుప్రీం కోర్టు తీర్పు ఆయనకూ అక్కరకు రాదు, మీకూ రాదు.

పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా కుదువ పెట్టకండి. బండికి గీత పడిందని వాళ్ళు ఎంత అడిగితే అంత ఇచ్చి విడిపించుకోవలసి వస్తుంది. నగదు డిపాజిట్ తీసుకొనే దుకాణం వెతకండి, బండి తీసుకొనేటప్పుడే నాలుగు వైపులా వీడియో తీసి పెట్టుకోండి.

జవాబు: మిర్యాలగూడ బాటసారి

వకీలు గారు చెప్పినదాన్ని తప్పు పట్టను. కానీ చట్టం ఒకటి, అక్కడి వాస్తవం ఒకటి అని నా అనుభవం. మేము స్నేహితులం వియత్నాంలో తిరిగినప్పుడు మాలో ఎవరి దగ్గరా అక్కడ చెల్లే కాగితం లేదు. పోలీసులు ఆపినచోట జరిమానా కట్టి ముందుకు సాగాము, మిగిలినచోట ఎవరూ అడగలేదు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు అలాగే తిరుగుతున్నారు. నెమ్మదిగా, హెల్మెట్ పెట్టుకొని, మందు జోలికి పోకుండా నడిపితే ఏమీ కాదు. ఇంత దూరం వెళ్ళి వేరొకరి వెనక కూర్చొని రావడం అక్కకు తృప్తినివ్వదని నా ఉద్దేశం. శ్రీశైలం ఘాట్‌లో బండి నడిపిన వాళ్ళకు ఆ కొండలు కష్టం కాదు.

జవాబు: దిండి దారి, దేవరకొండ

బాటసారి అన్నకు నమస్కారం. అన్నా, మీరు క్షేమంగా తిరిగి వచ్చినందుకు సంతోషమే, కానీ ఆ మాట నమ్మి ఇంకొకరు బయలుదేరడం నాకు ఇష్టం లేదు. అందుకే మా స్నేహితుడి సంగతి రాస్తున్నాను.

వాడికి కారు లైసెన్సు మాత్రమే ఉండేది. ఐ.డి.పి. తీసుకున్నాడు, అందులో బి గడిలో మాత్రమే ముద్ర ఉంది. ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకు తీసుకున్నాడు, దుకాణంలో ఐ.డి.పి. అట్ట చూసి తాళాలిచ్చారు. ఉన్నన్ని రోజులూ పోలీసులు వాణ్ణి ఒక్కసారి కూడా ఆపలేదు. తిరిగి వచ్చే ముందు రోజు సాయంత్రం, కొండ మీది నుంచి బీచ్ వైపు దిగే మలుపులో కంకర మీద ముందు చక్రం జారింది. వేగం ఎక్కువ లేదు, మందు తాగలేదు, హెల్మెట్ ఉంది. మెడ ఎముక విరిగింది, మోచేయి కదలకుండా అయింది. ఆపరేషన్ చేయాలంటే బీమా కంపెనీ హామీ పత్రమైనా కావాలి, డబ్బు డిపాజిట్టయినా కావాలి అని ఆసుపత్రిలో చెప్పారు. కంపెనీకి ఫోన్ చేస్తే లైసెన్సు రెండు వైపులా, ఐ.డి.పి.లో ముద్రలున్న పుట ఫొటో తీసి పంపమన్నారు. పంపిన కొద్దిసేపటికే, చెల్లుబాటయ్యే లైసెన్సు లేనందున క్లెయిము తిరస్కరిస్తున్నామని జవాబు వచ్చింది. ఇక్కడ వాళ్ళమ్మ మెడలోవి, చేతివి కుదువబెట్టి డబ్బు పంపింది.

కంపెనీని తిట్టి లాభం లేదు, ఆ షరతు పాలసీలో ఉన్నదే. కాగితాలు చూసేది పోలీసులే అనుకొని మనం వాళ్ళ గురించి లెక్కలు వేసుకుంటాము. వాటిని అక్షరం అక్షరం చదివేవాళ్ళు వేరే ఉన్నారు, పడిపోయిన తరువాతే చదువుతారు. వియత్నాంలోనైతే ఇప్పుడు పోలీసుల లెక్క కూడా మారింది. 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 168వ నంబరు ఉత్తర్వుతో జరిమానాలు బాగా పెరిగాయి. హా జియాంగ్ నుంచి హనోయ్ పెద్దాసుపత్రులకు దాదాపు 300 కిలోమీటర్లు. బీమా లేకుండా అంత దూరం అంబులెన్సులో పోవలసి వస్తే ఖర్చెంతవుతుందో ఒకసారి ఆలోచించండి.

శ్రీశైలం ఘాట్ మాటకు కూడా ఒకటి చెప్పాలి. ఈగలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో స్కూటర్ మీద వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఏక బిగిన బ్రేకు పట్టుకొని దిగితే కాసేపటికి లీవరు ఎంత నొక్కినా బండి ఆగనట్టు అనిపిస్తుంది, కాలిన వాసన వస్తుంది. గేరు బండి అయితే రెండో గేరులో వేసుకొని ఇంజనే బండిని పట్టి ఆపేలా దిగవచ్చు, స్కూటర్‌కు ఆ బలం తక్కువ. డోంగ్ వాన్ నుంచి మియో వాక్ వెళ్ళే దారిలోని మా పి లెంగ్ కనుమలో ఒక వైపు నిలువు కొండ, మరొక వైపు లోయ. అక్కడ సెమీ ఆటోమేటిక్ బండ్లు ఇచ్చేది ఊరికే కాదు, దిగుడు కోసమే. అంటే అక్కడ నడపడానికి గేరు లైసెన్సు కాగితం కోసమే కాదు, చేతికీ కాలికీ ఆ అలవాటు ఉండాలి కనుక కూడా అవసరం. అక్కకు అలవాటుంది, కాగితం లేదు. చాలామందికి రెండూ ఉండవు.

జవాబు: దేవరకొండ టు లెస్టర్

మీ పిన్ని కొడుకు విషయంలో నేను చెప్పగలను, నేనూ ఆ మెట్లన్నీ ఎక్కినవాడినే.

సి.బి.టి. అనేది పరీక్ష కాదు, శిక్షణ పూర్తి చేసినట్టు ఇచ్చే పత్రం. రెండేళ్ళు చెల్లుతుంది. దానితో 125 సీసీ దాకా, ముందూ వెనకా ఎల్ పలకలు పెట్టుకొని, మోటార్‌వే ఎక్కకుండా, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా నడపవచ్చు. ఇది బ్రిటన్ లోపల నేర్చుకొనేవారికి ఇచ్చిన వెసులుబాటు, ఆ దేశం దాటితే దానికి విలువ లేదు. ప్రొవిజనల్ లైసెన్సు మీద అక్కడ ఐ.డి.పి. కూడా ఇవ్వరు. కాబట్టి తమ్ముడు రోజూ 125 సీసీ బండి నడుపుతున్నా, వియత్నాం చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడే.

అయితే వాడికి మీ అందరికంటే మంచి దారి ఒకటి తెరిచి ఉంది. బ్రిటన్ వియన్నా ఒప్పందాన్ని 2018లో ఆమోదించింది, కనుక అక్కడ పూర్తి లైసెన్సు ఉన్నవారికి 1968 రకం ఐ.డి.పి. ఇస్తారు, పేపాయింట్ దుకాణాల్లో ఐదున్నర పౌండ్లకు దొరుకుతుంది. వియత్నాంలో చెల్లేది ఆ రకమే. అంటే తమ్ముడు పూర్తి మోటారు సైకిల్ లైసెన్సు తీసుకుంటే చాలు. పూర్తి అంటే హద్దులు లేనిదే కానవసరం లేదు. పదిహేడేళ్ళు నిండితే ఏ1 తీసుకోవచ్చు, దానికి 125 సీసీ, 11 కిలోవాట్ల హద్దు ఉంది. పందొమ్మిది నిండితే ఏ2, దాని హద్దు 35 కిలోవాట్లు. హద్దు లేని ఏ తరగతికి నేరుగా వెళ్ళాలంటే ఇరవై నాలుగేళ్ళు రావాలి, ఏ2 చేతిలో రెండేళ్ళు ఉన్నవారికి ఇరవై ఒకటి. ఏ2ను పరిమిత లైసెన్సు అంటారు గానీ, మన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా ఆ హద్దులోనే ఉంటుంది. హా జియాంగ్‌లో అద్దెకు దొరికే 110, 150 సీసీ బండ్లకు అది ధారాళంగా సరిపోతుంది.

సి.బి.టి. తరువాత థియరీ పరీక్ష, ఆపైన మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అని రెండు పరీక్షలు ఉంటాయి. మాడ్యూల్ 1 ఖాళీ మైదానంలో జరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఎదురుగా ఉన్న అడ్డును తప్పించి, కోన్ల మధ్య చెప్పిన చోట ఆగాలి. మన ఊళ్ళో గేదె అడ్డం వచ్చినప్పుడు చేసే పనే, కానీ అక్కడ నేర్పిన తరువాత నాకు బ్రేకు మీద, చూపు మీద వచ్చిన అదుపు ముందు లేదు. పరీక్ష తేదీలు దొరకడం ఆలస్యమవుతుంది, జనవరి ప్రయాణమైతే తమ్ముణ్ణి ఈ వారమే థియరీకి బుక్ చేసుకొమ్మనండి. కారు లైసెన్సు లాగా ఆటోమేటిక్ బండి మీద పరీక్ష ఇస్తే ఆటోమేటిక్ బండ్లకే అనుమతి వస్తుంది, కనుక గేరు బండి మీదనే పరీక్షకు వెళ్ళాలి.

ఏ2తో ఐరోపాలో తిరగాలనుకొనేవారికి ఒక మాట. ఏ1, ఏ2 తరగతులు 2013 నుంచి అక్కడ అన్ని దేశాల్లోనూ ఒకే కొలతలతో ఉన్నాయి, కనుక హద్దు మనతోపాటే వస్తుంది. పెద్ద బండి శక్తిని తగ్గించి నడిపేవారు, ఆ బండి అసలు శక్తి 70 కిలోవాట్లకు మించకుండా చూసుకోవాలి, శక్తి తగ్గించినట్టు ఇచ్చిన ధ్రువపత్రాన్ని దగ్గర ఉంచుకోవాలి.

చివరగా, ఇది అడగని విషయమే అయినా చెప్పకుండా ఉండలేను. తమ్ముడు ఎల్ పలకల బండి మీద భోజనం డెలివరీ చేస్తున్నాడేమో కనుక్కోండి. స్టూడెంటు వీసా మీద ఉన్నవారు స్వయం ఉపాధి చేయకూడదు, డెలివరీ పనిని సాధారణంగా అలాగే లెక్కిస్తారు. పైగా మామూలు బీమా డెలివరీకి వర్తించదు. బండి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా వీసా పోవచ్చు.

జవాబు: భువనగిరి, ప్రస్తుతం స్టుట్‌గార్ట్

ఇదే రకం ఇబ్బంది జర్మనీలో ఉన్న మనవాళ్ళకూ ఉంది కనుక రాస్తున్నాను. ఇక్కడ ఇరవై ఐదేళ్ళు నిండి, కారు లైసెన్సు కనీసం ఐదేళ్ళుగా ఉన్నవారు, పరీక్ష లేకుండా కొన్ని తరగతులు హాజరైతే లైసెన్సులో బి196 అనే సంకేతం రాసి 125 సీసీ బండ్లకు అనుమతిస్తారు. అది జర్మనీలో మాత్రమే చెల్లుతుంది. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో కూడా కారు లైసెన్సుతో 125 సీసీ నడిపే సొంత ఏర్పాట్లు ఉన్నాయి, అవి కూడా వారి వారి సరిహద్దుల లోపలివే. సరిహద్దు దాటగానే ఆ సంకేతానికి అర్థం ఉండదు. పక్క దేశం ఆస్ట్రియా గంటల దూరంలో ఉందని ఆదివారం పూట అటు వెళ్ళేవాళ్ళు దీన్ని మరచిపోతారు. పరీక్ష ఇచ్చి తీసుకున్న ఏ1 చిన్నదే అయినా అన్నిచోట్లా గౌరవిస్తారు.

పానగల్లు ప్రయాణికురాలు

అందరికీ కృతజ్ఞతలు. బాటసారి గారూ, మీరు నా కోరికను అర్థం చేసుకొని రాసినందుకు సంతోషం, కానీ దిండి దారి తమ్ముడు రాసినది చదివాక మా ఇంట్లో చర్చ ముగిసింది. వియత్నాంలో మేమిద్దరమూ, మా ఆడపడుచూ స్థానిక రైడర్ల వెనక కూర్చొని వెళ్తాము. మా పిన్ని కొడుకు ఏ2 పరీక్షలు పాసైతే తన బండి తాను నడుపుతాడు, లేకపోతే వాడూ మాతోపాటే. వాడు డెలివరీ చేయడం లేదని కనుక్కున్నాను. నా ముచ్చట థాయ్‌లాండ్‌లో స్కూటర్ మీద తీర్చుకుంటాను.

అయినా గేరు బండి తరగతిని కార్డులో చేర్పించుకోవాలని నిశ్చయించుకున్నాను. ఈ ప్రయాణానికి కాకపోతే తరువాతి దానికి పనికివస్తుంది. శ్రీలంక మా మనసులో ఉంది. ఐ.డి.పి. ముందు తీసుకొని తరువాత తరగతి చేర్పించుకోవాలా, లేక చేర్పించుకున్నాకే ఐ.డి.పి.కి వెళ్ళాలా?

జవాబు: పాలమూరు వకీలు, మహబూబ్‌నగర్

మంచి నిర్ణయం అమ్మా. తరగతి చేర్పించుకున్నాకే ఐ.డి.పి.కి వెళ్ళండి. అదనపు తరగతికి కూడా ముందుగా ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకొనేవారి లైసెన్సు, తీసుకోవాలి, అది వచ్చిన 30 రోజుల తరువాత, ఆరు నెలలు దాటకముందు టెస్టుకు హాజరు కావాలి. నల్లగొండ ఆర్టీఏలో స్లాటు బుక్ చేసుకొనేటప్పుడు కొత్త లైసెన్సుకు కాకుండా, ఉన్న లైసెన్సులో తరగతి చేర్చడానికి అన్న సేవను ఎంచుకోండి. టెస్టుకు క్లచ్ ఉన్న బండే తీసుకువెళ్ళండి, నాన్నగారి స్ప్లెండర్ చాలు. కొత్త కార్డు చేతికొచ్చాక 4ఏ ఫారంతో ఐ.డి.పి.కి దరఖాస్తు చేయండి. పాస్‌పోర్టు, టికెట్ కాపీలు వెంట ఉంచుకోండి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, దానిపైన రాష్ట్ర సేవా రుసుము ఉంటుంది. పర్మిట్ ఏడాదే కనుక, శ్రీలంక ప్రయాణం ఆ ఏడాదిలోపు పడేలా చూసుకుంటే రెండోసారి కట్టే పని ఉండదు.

శ్రీలంక కూడా జెనీవా ఒప్పందంలో ఉన్న దేశమే, ఎడమ వైపు ప్రయాణమే. అయితే మన ఐ.డి.పి.ని నేరుగా చూపిస్తే అక్కడ సరిపోదు, దానికి అక్కడి ఆమోదం కూడా వేయించుకోవాలి, అది ఇప్పుడు ఎక్కడ చేస్తారో బయలుదేరే ముందు కనుక్కోండి. ఆ పనికి మొదటి రోజు కొంత సమయం ఉంచుకోండి.

జవాబు: దిండి దారి, దేవరకొండ

అక్కా, ఎల్.ఎల్.ఆర్. వచ్చాక అలవాటు కోసం ఘాట్ వైపు రావాలనుకుంటే ఎల్ పలక పెట్టుకొని, వెనక గేరు లైసెన్సు ఉన్న మీ వారిని కూర్చోబెట్టుకొని రండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది, ఆరింటికే గేటు దగ్గర ఉంటే లారీల రద్దీ మొదలు కాకముందే దిగుడు మలుపులు పూర్తవుతాయి. విదేశం వెళ్ళేటప్పుడు అసలు ప్లాస్టిక్ కార్డు వెంట ఉంచుకోవడం మరువకండి. ఆర్టీఏ ఎం-వాలెట్ అనే ఫోను యాప్‌లో చూపించే కాపీ మన రాష్ట్రంలో పోలీసులకు సరిపోతుంది గానీ, అక్కడ అద్దె దుకాణంలోనూ ఆసుపత్రిలోనూ అడిగేది కార్డే.